*వేదేతి వంశవృక్షం: ఒక పాత క్రియ చార్టు పని డైరీ

సెప్టెంబరు: పని మొదలు

రష్యన్, పోలిష్, చెక్ లాంటి స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన ఆదిమ స్లావిక్ భాషలో ‘తెలిసి ఉండు’ అనే అర్థంలో వాడిన *వేదేతి అనే క్రియకు వంశవృక్షం గీయాలన్నది ఈ ప్రాజెక్టు. పైన దాని పూర్వీకులు, కింద ఇప్పటి స్లావిక్ భాషల్లో దాని సంతానం. చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో ఉంటున్నాను కాబట్టి ఈ క్రియ నాకు రోజూ వినబడుతుంది. ఏదైనా అడిగితే జవాబు తెలియనివాళ్లు ఇక్కడ ‘నెవీమ్’ అంటారు, నాకు తెలీదని. అందులోని ‘వీమ్’ ఈ క్రియకు ఉత్తమ పురుష ఏకవచనం.

మాట ముందు చుక్క గుర్తు (*) పెట్టానంటే అది ఏ రాతప్రతిలోనూ దొరకని రూపమని, తర్వాతి భాషలను పోల్చి పండితులు తిరిగి కట్టిన రూపమని అర్థం. ఆదిమ స్లావిక్ మాట్లాడిన కాలంలో స్లావులకు లిపి లేదు. కాబట్టి పై భాగమంతా చుక్కలే.

లిప్యంతరం గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. *వేదేతిలోని ‘ఏ’ మన ఏకారం కాదు. పాత సిరిలిక్‌లో దానికి ‘యాత్’ అనే ప్రత్యేక అక్షరం ఉండేది, పలుకు ఏకారానికీ ‘యా’కీ మధ్యలో ఎక్కడో ఉండేది. చార్టులో సులువుగా ఉంటుందని ‘ఏ’ అనే రాస్తున్నాను. రష్యాలో 1918 సంస్కరణతో, బల్గేరియాలో 1945లో ఈ అక్షరాన్ని తీసేశారు. నాలాంటి పని పెట్టుకున్నవాళ్లకు అది నిజంగా నష్టం. రష్యన్‌లో ‘తెలుసుకొను’ అనే వేదత్, ‘నడిపించు’ అనే వెస్తీ రూపాలు ఇప్పుడు ఒకే ‘వెద్’తో కనిపిస్తాయి. 1918కి ముందు అచ్చయిన పుస్తకం తీస్తే మొదటిదాంట్లో యాత్ ఉంటుంది, రెండోదాంట్లో మామూలు ‘ఎ’ ఉంటుంది. చూడగానే వేరు చేసుకోవచ్చు.

పనికి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి మాటకూ ఒక కార్డు, కార్డులో నాలుగు గడులు: భాష, రూపం, అర్థం, అది అలా మారడానికి కారణమైన ధ్వని సూత్రం. నాలుగో గడి నిండని కార్డు చార్టు ఎక్కదు.

అక్టోబరు: పై కొమ్మ

ముందు పూర్వీకులు. సంస్కృతం, గ్రీకు, స్లావిక్ లాంటి భాషలకు ఉమ్మడి మూలభాష ఇండో-యూరోపియన్. అందులోని మూలం *వెయ్ద్, అర్థం ‘చూచు’. దాని నుంచి *వోయ్దె అనే ఒక రూపం. రూపం చూస్తే పూర్తయిన పనిని చెప్పే రకం: ‘చూసి ఉన్నాడు’. చూసినవాడికి తెలుస్తుంది కదా, అలా అర్థం ‘తెలుసు’ అయింది. రూపం భూతకాలానిది, అర్థం వర్తమానానిది. ఈ వింత ఒక్క స్లావిక్‌ది కాదు. గ్రీకులో ‘ఓయ్‌ద’, గోథిక్‌లో ‘వైత్’, జర్మన్‌లో ‘వైస్’, సంస్కృతంలో ‘వేద’. అన్నీ అదే రూపం, అన్నిటికీ ‘తెలుసు’ అనే అర్థం.

సంస్కృతం దగ్గర చాలాసేపు ఆగాను. ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, ‘విద జ్ఞానే’ అని చదువుకున్నవాళ్లకు వేత్తి, వేత్సి, వేద్మి రూపాలు గుర్తుంటాయి. వాటి పక్కనే వేద, వేత్థ, విద్మ అనే ఇంకో వరుస ఉంది. రెండో వరుస ముగింపులు లిట్‌వి (పరోక్ష భూతకాలం), కానీ అర్థం లట్‌ది (వర్తమానం). పాణిని దీన్ని గమనించి ‘విదో లటో వా’ అని సూత్రమే చేశాడు (3.4.83). విద్ ధాతువు తర్వాత వర్తమాన ప్రత్యయాల చోట ఆ పరోక్ష ప్రత్యయాలు వికల్పంగా రావచ్చని.

ఇప్పుడు స్లావిక్ వరుస. నాకు తెలుసు *వేమి, నీకు *వేసి, అతనికి *వేస్తి, వాళ్లకు *వేదెంతి. సంస్కృతం వేద్మి, వేత్సి, వేత్తి, విదంతి. రెండు వరుసలనూ ఒకే కార్డు మీద పక్కపక్కన రాశాను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కార్డు అదే. అంతేకాదు, స్లావిక్‌లలో మొదట రాతకెక్కిన చర్చి భాష పాత చర్చి స్లావిక్. దాని రాతప్రతుల్లో ‘నాకు తెలుసు’కి వేమి పక్కనే ‘వేదే’ అనే రూపం కూడా దొరుకుతుంది. అది ఆ పాత పూర్ణార్థక వరుసలో మిగిలిపోయిన ఒకే ఒక్క ముక్క. పాత రూపం ఒకటి, దాని పక్కన ‘మి’తో కొత్తగా కట్టుకున్న రూపం ఒకటి. సంస్కృతంలోనూ ఇంతే, స్లావిక్‌లోనూ ఇంతే. రెండూ ఎవరికి వారు చేసుకున్నారు.

ఇక్కడి తెలుగువాళ్లలో ఒక తమ్ముడు చార్టు చూడ్డానికి వచ్చి, “అన్నా, చెక్‌లో సైన్స్‌ని ‘వ్యెదా’ అంటారు కదా, అది మన వేదం నుంచే వచ్చిందా?” అని అడిగాడు. రాలేదు. స్లోవక్‌లోనైతే ‘వెదా’ అనే అంటారు, ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. కానీ సంస్కృతంలో వేదః పుంలింగం, స్లావిక్‌లో వ్యెదా స్త్రీలింగం. ఒకే ధాతువు నుంచి ఎవరి ఇంట్లో వాళ్లు కట్టుకున్న మాటలు ఇవి. ఇండో-యూరోపియన్ ‘ఓయ్’ సంస్కృతంలో ఏకారమైంది, స్లావిక్‌లో యాత్ అయింది. అందుకే అంత దగ్గరగా వినిపిస్తున్నాయి. ఒకదాని నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నది కాదు, దాయాదులు.

తెలుగు మాత్రం ఈ వంశం కాదు, ద్రావిడం. మనకు ఈ ధాతువు సంస్కృతం ద్వారా వచ్చింది: విద్య, విద్వాంసుడు, వేత్త, విదితం, నివేదిక, వైద్యుడు. చార్టులో సంస్కృతం పక్కన తెలుగుకి గీత వేరే రంగులో గీశాను. అది పుట్టుక గీత కాదు, అరువు గీత.

అక్టోబరు చివర: ద+త

*వేస్తిలో ‘స’ ఎక్కడిది? ధాతువు వేద్, ప్రత్యయం తి. ద్ పక్కన త్ వస్తే ఒక్కో భాషా ఒక్కో దారి పట్టింది. సంస్కృతంలో త్త: వేత్తి, వేత్త. స్లావిక్‌లో స్త: వేస్తి. గ్రీకులో ‘నీకు తెలుసు’కి ఓయ్‌స్థ, గోథిక్‌లో వైస్త్. మనం రోజూ అనే ‘శాస్త్రవేత్త’లోని త్త, రష్యన్‌లో వార్తకి వాడే ‘వేస్త్’లోని స్త ఒకే చోట పుట్టాయి. నాలుగో గడి ఇలా నిండినప్పుడు సందేహం మిగలదు.

మ్ ముందు ద్ అసలే పడిపోయింది. అందుకే *వేద్మి కాకుండా *వేమి. పడిపోయిన ఆ ద్ పూర్తిగా పోలేదు, బహువచనంలో దాక్కుంది. చెక్‌లో వీమ్, వీష్, వీ, వీమె, వీతె అంటూ వచ్చి ‘వాళ్లకు తెలుసు’ దగ్గర ‘వ్యెద్యీ’ అంటారు. పోలిష్‌లో వ్యెమ్, వ్యెష్, వ్యె అంటూ వచ్చి చివర ‘వ్యెద్జోఁ’. ఈ భాషలు నేర్చుకునేవాళ్లకు ఇది తిక్క క్రియ అనిపిస్తుంది, బట్టీ పట్టమంటారు. సూత్రం చెబితే బట్టీ అక్కర్లేదు. ‘తిను’ క్రియ కూడా ఇదే పద్ధతి: చెక్ యీమ్, చివర యెదీ; పోలిష్ యెమ్, చివర యెద్జోఁ.

నవంబరు: సంతానం

స్లావిక్ భాషలన్నిటినీ వరసగా రాయడం తేలికే. వాటిని ఏ పద్ధతిలో పేర్చాలన్నది తేలలేదు. తూర్పు, పడమర, దక్షిణం అని మూడు కొమ్మలు గీస్తే పుట్టుక తెలుస్తుంది కానీ ఈ క్రియ కథ తెలియదు. ఎందుకంటే ఒకే కొమ్మలో రెండు ఆకులు రెండు రకాలుగా ఉన్నాయి. బెలరూసియన్‌లో ‘వ్యేదాత్స్’ ఇంట్లో, బజార్లో వాడే మామూలు మాట. ‘నాకు తెలుసు’ అంటే ‘యా వ్యేదాయు’. పక్కనే ఉన్న రష్యన్‌లో ‘వేదత్’ పుస్తకాల మాట, రోజువారీ మాటల్లో ‘జ్నాత్’ ఉంది. ఉక్రేనియన్‌లోనూ మామూలుగా ‘జ్నాతి’నే. ‘వీదాతి’ కాస్త గంభీరం.

కాబట్టి రంగులు మార్చాను. పుట్టుకకు గీతలు, బతుకుకి రంగులు. క్రియగా రోజూ వాడుకలో ఉంటే ఆకుపచ్చ. పుస్తకాల్లో మాత్రమే ఉంటే పసుపు. క్రియ పోయి పిల్లల మాటలు మాత్రం మిగిలితే ఎరుపు. చెక్ వ్యెద్యెత్, స్లోవక్ వెద్యెత్, పోలిష్ వ్యెజెచ్, జర్మనీ తూర్పు మూలన మాట్లాడే సోర్బియన్, దక్షిణాన స్లోవీన్ వేదెతి, బెలరూసియన్: పచ్చ. రష్యన్, ఉక్రేనియన్: పసుపు. సెర్బియన్, క్రొయేషియన్, బల్గేరియన్: ఎరుపు.

రంగులు వేశాక అసలు కథ తెలిసింది. ఈ క్రియ స్థలాన్ని ఆక్రమించింది జ్నాతి. అదీ పరాయిది కాదు. *జ్నాతి మూలమూ, సంస్కృతం జ్ఞా మూలమూ ఒకటే. జ్ఞానం, ఆజ్ఞ, విజ్ఞానం ఆ వైపు చుట్టాలు. ఆదిమ భాషలో ఈ రెండూ పని పంచుకున్నాయి: విషయం తెలియడం ఒకరిది, మనిషినో చోటునో ఎరిగి ఉండడం ఇంకొకరిది. చెక్, పోలిష్ ఆ పంపకాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాయి. రైలు ఎన్నింటికో తెలుసు అంటే ‘వీమ్’, ఆ మనిషి తెలుసు అంటే ‘జ్నామ్’. రష్యన్‌లో రెండూ జ్నాత్ చేతికే వచ్చాయి. బాల్టిక్ భాషల్లోనూ అదే జరిగింది. లిథువేనియన్‌లో ‘జినోతి’, లాట్వియన్‌లో ‘జినాత్’. వాళ్లలో *వేదేతి చుట్టం క్రియగా కనిపించేది అంతరించిపోయిన పాత ప్రష్యన్‌లోనే. ‘వైస్త్’ అంటే తెలియడం, ‘వైదిమై’ అంటే మాకు తెలుసు.

రెండు క్రియలూ ఇంకా సరిసమానంగా ఉన్న కాలానికి ఒక మంచి సాక్ష్యం ఉంది. 1185లో ఇగోర్ అనే రాజు చేసిన దండయాత్ర మీద కట్టిన పాత రష్యన్ గాథలో కుర్స్క్ సైనికులను వర్ణిస్తూ ‘పుతీ ఇమ్ వేదోమీ, యరూగీ ఇమ్ జ్నాయెమీ’ అంటాడు ఇగోర్ తమ్ముడు వ్సెవొలోద్. దారులు వాళ్లకు తెలుసు, లోయలు వాళ్లెరుగుదురు. ఒకే ఊపిరిలో రెండు ధాతువులు. ఈ వాక్యాన్ని చార్టు నడిబొడ్డున, రెండు కుటుంబాలూ విడిపోయే చోట రాశాను.

డిసెంబరు: బైబిలు కాగితాలు

బ్రనో ఉన్న ప్రాంతం మొరావియా కాబట్టి 863ని తప్పించుకోలేను. ఆ ఏడు సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు బైజాంటియమ్ నుంచి గ్రేట్ మొరావియాకు వచ్చారు. స్లావుల భాషకు గ్లగొలిటిక్ లిపి తయారుచేసి సువార్తలను అనువదించినవాళ్లు వాళ్లే. నాకు ఇక్కడ కావలసిన వాక్యం యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. పుట్టుగుడ్డివాడికి చూపు వచ్చాక పెద్దలు నిలదీస్తే, నాకు ఒక్కటే తెలుసు, అప్పుడు గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అంటాడు. చర్చి స్లావిక్‌లో ‘తెలుసు’ దగ్గర ‘వేమ్’, ‘చూస్తున్నాను’ దగ్గర ‘విజు’. విజు అంటే *విదేతి, అదే *వెయ్ద్ ధాతువుకు ఇంకో బిడ్డ. చూడడం, తెలియడం ఒకే తల్లి పిల్లలని పైన గీతలు గీసి చెప్పాను. ఆ గుడ్డివాడి నోట అవి రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి.

అనువాదకులు ఇంకో పని చేశారు. గ్రీకులో అంతరాత్మకు ‘సునెయ్‌దేసిస్’ అని మాట. ‘సున్’ అంటే కూడా, తర్వాతిది తెలియడం. దాన్ని ముక్కకు ముక్క స్లావిక్‌లోకి దించి ‘సువేస్తి’ అన్నారు. ఇప్పటి రష్యన్ సోవెస్త్, బల్గేరియన్ సవెస్త్, క్రొయేషియన్ సావ్యెస్త్ అన్నీ దాని నుంచే. గ్రీకు మాటలో ఉన్న ధాతువూ స్లావిక్ మాటలో ఉన్న ధాతువూ ఒకటే కావడం వాళ్లకు తెలిసే అవకాశం లేదు. వేల ఏళ్ల కిందట విడిపోయిన ఇద్దరు చుట్టాలను ఒకే పనికి కుదిర్చారు.

ఈ భాగానికి కావలసిన రూపాలకు బ్రనో పరిశోధకులు 1989 నుంచి భాగాలు భాగాలుగా తెచ్చిన పాత చర్చి స్లావిక్ వ్యుత్పత్తి నిఘంటువు చాలా అక్కరకొచ్చింది. ఊళ్లోనే తయారైన పుస్తకం చేతిలో పెట్టుకుని పని చేయడం హాయిగా ఉంది.

జనవరి: సాక్షి కార్డు

ఎరుపు భాషల పని. సెర్బియన్, క్రొయేషియన్, బల్గేరియన్‌లలో క్రియ పోయింది కానీ పిల్లలు లెక్కలేనంత మంది. బల్గేరియన్‌లో వార్త ‘వెస్త్’, వార్తాపత్రిక ‘వెస్త్నిక్’. క్రొయేషియన్‌లో వార్త ‘వియెస్త్’, చరిత్ర ‘పోవియెస్త్’. ఈ చివరిది బాగా తిరిగింది: పోలిష్‌లో ‘పొవ్యెష్చ్’ అంటే నవల, రష్యన్‌లో ‘పోవెస్త్’ అంటే చిన్న నవల, చెక్‌లో ‘పొవ్యెస్త్’ అంటే ఐతిహ్యం, మనిషికున్న పేరు కూడా. తెలియజేసిందేదైనా అందులో పట్టింది.

అన్నిటికన్నా పెద్ద కార్డు సాక్షిది. ఆదిమ మాట ‘సువేద్’తో మొదలవుతుంది, సంగతి తెలిసినవాడని. చెక్ స్వ్యెదెక్, పోలిష్ ష్వ్యాదెక్, ఉక్రేనియన్ స్వీదోక్, సెర్బియన్ స్వెదోక్: అన్నీ ఆయా భాషల్లో యాత్ మారే సూత్రానికి లోబడ్డాయి. రష్యన్‌లో మాత్రం ‘స్విదేతెల్’. పాత రాతల్లో యాత్‌తోనే ఉండేది. తర్వాత జనం దాన్ని ‘విదెత్’, అంటే చూడడంతో ముడిపెట్టి ఇకారం చేశారు. సాక్షి అంటే కళ్లారా చూసినవాడే కదా అనుకున్నారు. మన ‘సాక్షి’లో ఉన్నది కన్ను (అక్షి) కాబట్టి ఆ ఆలోచన మనకు కొత్తగా అనిపించదు. పైగా చూడడం, తెలియడం ఒకే ధాతువు కాబట్టి జనం పొరపాటున తోసిన దారి తిరిగి పుట్టింటికే చేరింది. ఈ కార్డుకు నాలుగో గడిలో ధ్వని సూత్రం రాయలేం. ‘లోకవ్యుత్పత్తి’ అని రాసి చార్టు ఎక్కించాను. కారణం తెలుసు కాబట్టి నియమం తప్పలేదు.

ఫిబ్రవరి: ‘ద్య్’ జంట

ద్ తర్వాత య్ వస్తే ప్రతి కొమ్మా తనదైన శబ్దం చేసింది. ‘తెలుసుకో’ అనే ఆజ్ఞార్థకం *వేద్యి తీసుకుంటే, చెక్ ‘వ్యెస్’ (రాయడం ‘జ’తో), పోలిష్ ‘వ్యెద్జ్’, పాత చర్చి స్లావిక్ ‘వేఝ్ది’, పాత రష్యన్ ‘వేఝి’. ఒక్క మాటతో నాలుగు భాషలను గుర్తుపట్టవచ్చు.

రష్యన్‌కి దీనివల్ల ఒక లాభం జరిగింది. సొంత ఝ మాటా, చర్చి ద్వారా వచ్చిన ఝ్ద మాటా రెండూ ఉండిపోయాయి. *నెవేద్యా, అంటే తెలియనివాడు. సొంత రూపం ‘నెవేఝా’ మర్యాద తెలియనివాడు అయ్యాడు, చర్చి రూపం ‘నెవేఝ్దా’ చదువు తెలియనివాడు అయ్యాడు. మర్యాదస్తుణ్ణి రష్యన్‌లో ‘వేఝ్లివి’ అంటారు, అదీ ఈ ఇంటిదే. ఒకే మాట రెండు దారుల్లో వచ్చి రెండు లోపాలకు పేరైంది.

పోలిష్ సహోద్యోగినితో వాళ్ల రూపాలన్నీ చదివించుకుని రాసుకున్నాను. ‘వ్యెజెచ్’ (తెలిసి ఉండు) అంటుంది, కానీ ‘వ్యదోమో’ (తెలిసిందే) అంటుంది. ఎకారం ఒకచోట, అకారం ఒకచోట. “ఎందుకో మాకెవరూ చెప్పలేదండీ, అలా అలవాటైపోయింది” అంది. కారణం ద్. తర్వాత మెత్తని అచ్చు వస్తే ద్ మెత్తబడి యాత్ ‘యె’గా ఉండిపోయింది. తర్వాత ఒకారం వస్తే ద్ గట్టిగానే ఉండి యాత్ ‘యా’ అయింది. ష్వ్యాదెక్‌లో ‘యా’ కూడా అందుకే. కాగితం మీద గీసి చూపిస్తే ఇంకో పది మాటలు తనే చెప్పింది.

మార్చి: పక్కన పెట్టినవి

నాలుగో గడి నిండక ఆగిన కార్డులకు వేరే పెట్టె ఉంది. అందులో పైన ఉన్నది ఎలుగుబంటి. రష్యన్ ‘మెద్వేద్’ని తేనె ఆచూకీ తెలిసినవాడని విడదీసేవాళ్లు చాలామంది, వినడానికి బాగుంటుంది. కానీ అది మెదు (తేనె), ఏద్ (తిను) కలిసిన మాట, తేనె తినేది. మధ్య వకారం *మెదు చివరి ఉకారం నుంచి వచ్చింది, మధు+అద్ కలిసి మధ్వద్ అయినట్టే. మన వైపు అలాంటిదే విద్యుత్తు. విద్యతో సంబంధం లేదు, అది వి+ద్యుత్. పెళ్లికూతురుకి వాడే ‘నెవేస్తా’ని ‘తెలియని పిల్ల’ అని పాతకాలం నుంచీ వివరిస్తున్నారు. పండితుల్లో ఇంకా వాదన ఉంది కాబట్టి పెన్సిల్ చుక్కల గీతతో ఆపాను.

ఎక్కినవాటిలో మంత్రగత్తె ఉంది: రష్యన్ వేద్మ, పోలిష్ వ్యెజ్మా, ఉక్రేనియన్ వీద్మ. తెలిసిన మనిషి. 1703 జనవరిలో పీటర్ చక్రవర్తి హయాంలో మొదలైన రష్యా తొలి పత్రిక పేరు ‘వేదొమొస్తి’, అదీ ఎక్కింది. ప్రభుత్వ శాఖకు వాడే ‘వేదొమ్‌స్త్వో’, వేటా నరుకుడూ నిషేధించిన అడవికి వాడే ‘జపొవేద్నిక్’ కూడా. రష్యన్‌లో క్రియ పుస్తకాల్లోకి వెళ్లిపోయినా ఆఫీసు బోర్డుల మీద, అడవి హద్దుల మీద ధాతువు కూర్చునే ఉంది.

అన్నిటికన్నా చిన్న కార్డులు రెండు. ‘బోగ్ వేస్త్’ అంటే దేవుడికే తెలుసు. ఇందులోని వేస్త్ వార్త కాదు, పాత *వేస్తి, ‘అతనికి తెలుసు’. ఈ జాతీయంలో అలాగే గడ్డకట్టుకుని మిగిలింది. రెండోది ‘వేద్’. రష్యన్లు మాటకు ముందు ‘మరి, తెలుసుగా’ అన్నట్టు వాడే చిన్న ముక్క. వ్యుత్పత్తివేత్తలు దీన్ని పాత ‘వేదే’ నుంచి తెస్తారు, అంటే పాణిని సూత్రం చేసిన ఆ వరుసకు చెందినదే. రష్యన్ నోట గంటకు పదిసార్లు వచ్చే ఆ ముక్కకూ, మన ‘వేద’కూ మధ్య గీత గీయడానికి చార్టు మీద చోటు చాల్లేదు. పక్కన ఇంకో షీటు అతికించాను.

మిగిలిన పని: ఎగువ, దిగువ సోర్బియన్‌లకు వేరువేరు కార్డులు, బాల్టిక్ తీరాన కషూబియన్ రూపాలు, స్లోవీన్ మాండలికాలు. ఉక్రేనియన్ ‘విద్పోవిద్’ (జవాబు), చెక్ ‘ఒద్పొవ్యెద్’, పోలిష్ ‘ఒద్పొవ్యెచ్’లను ఒకే గీత కిందకి తేవాలి. ఏప్రిల్‌లో మొరావియన్ లైబ్రరీలో కూర్చుని సోర్బియన్‌తో మొదలుపెడతాను.